బొడ్డుపేగు ఆగేదాకా

పొద్దున్నే దీపం వెలిగించి, భాగమ్మ గడపకు పసుపు రాస్తుండగా లోపలి నుంచి కోడలు నిరోషా కేక వినిపించింది. ఇంకా నెల ఉండగానే నొప్పులు మొదలయ్యాయి.

కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన కొడుకు వెంకటేశం, బూట్లు విప్పకుండానే పరుగెత్తి ఆటో తెచ్చాడు. భాగమ్మ చీర మార్చుకుని సంచి తగిలించుకుంది.

"నువ్వెందుకే అవ్వా? ఇంట్ల ఉండు."

"నేనొస్త కొడుకా. నెల ముందొస్తున్న పాణం. దానికి నెత్తురు కావాలె. బొడ్డు జల్ది కొయ్యొద్దని ఒక్క మాట చెప్త."

"గదే వద్దంటున్న! పోయినసారి చెల్లె కాన్పుకు వికారాబాద్‌ దవాఖానల గది తలుపు కొట్టి, ఆగుండ్రి ఆగుండ్రి అని లొల్లి జేస్తివి. అందరు నవ్విండ్రు. నా ఇజ్జత్ పోయింది. నీ మంత్రసానితనం బషీరాబాద్ దిక్కే ఉంచు!"

భాగమ్మ ముఖం చిన్నబోయింది. ముప్పై ఏళ్లు బషీరాబాద్ పల్లెల్లో పురుళ్లు పోసిన మనిషి. పసిబిడ్డ బయటపడగానే బొడ్డుపేగు మీద రెండు వేళ్లు పెట్టి, అది కొట్టుకున్నంత సేపూ అనంతగిరి స్వామిని తలుచుకునేది. ఆగాకే కోసేది.

"తింటున్నోళ్ల ముందలికెళ్లి బువ్వ తలె గుంజుతమారా?" అంది మెల్లగా. వినేందుకు ఎవరూ లేరు. కోడలిని ఎక్కించుకుని ఆటో వెళ్లిపోయింది.

దేవుడి ముందు కూర్చుని, "ఇన్నేండ్లు నేను చేసింది తప్పా సామీ?" అని అడిగింది.

మధ్యాహ్నం వెంకటేశం ఒక్కడే వచ్చి గడపలో నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆడపిల్ల అవ్వా. ఇద్దరు మంచిగున్నరు. నడువు, నీ కోడలు నిన్నే అడుగుతున్నది."

తాండూరు ఆస్పత్రిలో నిరోషా అత్తను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"అత్తా, పాపను నా పొట్ట మీద పెట్టి సిస్టరమ్మ గడియారం చూసుకుంట నిలబడ్డది. బొడ్డు కోస్తలేదు. ఎందుకని అడిగితే, 'జర ఆగు, పేగులకెళ్లి పాపకు ఇంకా నెత్తురు అందుతున్నది' అన్నది. నువ్వే నిలబడ్డట్టు అనిపించింది."

పక్కనే ఉన్న నర్సు రెబెక్క నవ్వింది. "పిల్ల మంచిగుంటే నిమిషమన్న ఆగుతం అవ్వా. ఆ నెత్తురుతోని కొన్ని నెలల దాకా రక్తం తగ్గే భయం తక్కువ. నెల ముందు పుట్టినోళ్లకైతే ఇంకా మేలు. ఊపిరి అందకుంటే మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టు చేస్తం."

"మరి నేను బొడ్డుకు బూడిద రాసేదాన్ని బిడ్డా?"

"గది మాత్రం వద్దవ్వా, చీము పడతది."

"అయితే అది నా తప్పే. సామి మన్నించాలె," అని భాగమ్మ చేతులు జోడించింది. "తెలిసినోళ్ల చేతుల పెట్టిండు నా మనుమరాలిని. గంతే చాలు."

వెంకటేశం తల దించుకున్నాడు. "ఆమె చెప్తే చేతులు కట్టుకొని విన్న. నువ్వు చెప్తే కసురుకున్న." తల్లి పక్కన కూర్చుని అడిగాడు. "నా బొడ్డు ఎవరు కోసిండ్రు అవ్వా?"

"నేనే. ఆ దినం వాన, ఎవ్వరు దొరకలే. నీ పేగు మీద గీ వేళ్లు పెట్టుకొని కూసున్న, ఆగేదాకా."

వెంకటేశం ఆ రెండు వేళ్లూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.