తెల్లపట్టు మీద ఎర్ర చుక్కలు

శ్యామలాంబ మెట్లెక్కి వచ్చేసరికి చంద్రశేఖరం మోకాలికి నువ్వుల నూనె రాసుకుంటున్నాడు. విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో, సైకిలు షాపు మీది గది అది. "ప్రైవేటు డిటెక్టివ్" అన్న బోర్డు వానకు తడిసి తడిసి సగం వెలిసిపోయింది. ఆ బోర్డు పెట్టిన కొత్తలో హత్యలూ దోపిడీలూ వస్తాయనుకున్నాడు పాపం. వచ్చినవన్నీ తమ్ముడి మీద అన్నా, పెళ్ళాం మీద మొగుడూ పెట్టించుకున్న కాపలాలే. ఒకళ్ళ ఇంటి గుట్టు ఇంకొకళ్ళకి మోసీ మోసీ ఆయనకి మనుషులంటేనే విసుగొచ్చేసింది. అసిస్టెంటు జగన్నాధానికి మాత్రం ఆయన దేవుడితో సమానం. ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

వచ్చినామె నడివయసు మనిషి. నేత చీర, చేతిలో తడిసిన గొడుగు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నన్ను దొంగంటన్నారండీ," అని ఏడ్చేసింది.

జగన్నాధం గబగబా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. చంద్రశేఖరం నూనె చెయ్యి తుడుచుకుని, ఆమె ఏడుపు తగ్గేదాకా కిటికీలోంచి శ్రావణం ముసురు చూస్తూ కూర్చున్నాడు.

శ్యామలాంబ భర్త మృదంగం వాయించేవాడు. మృదంగాలకి మూతలు బిగించడం, తోలు సాగదీయడం, కుట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన పోయాక ఆ విద్యే కూడు పెట్టింది. ఊళ్ళో పెద్దిళ్ళల్లో వెనకటి విలాయతీ తోలు బ్యాగులు పెట్టెల అడుగున బూజు పట్టి పడి ఉంటాయి. వాటిని ఇంట్లోనే కూర్చుని మళ్ళీ కొత్తవాటిలా చేసి ఇస్తుంది. కంటోన్మెంటులోని భూస్వామి గణపతిరావు ఇంటినుంచి మొన్న అలాంటి బ్యాగొకటి వచ్చింది. చనిపోయిన ఆయన తల్లి జగ్గమ్మది. గణపతిరావు భార్య జగదీశ్వరి దాన్ని బాగుచేయించి పట్టుకోవాలని ముచ్చటపడింది.

"లోపల చిన్న అర ఉందండి. అందులో ముక్కుకి పెట్టుకునే వజ్రాల బేసరి దొరికింది," అంది శ్యామలాంబ కళ్ళు తుడుచుకుని. "దొరకగానే వాళ్ళ పనిమనిషి అసిరమ్మ చేత కబురెట్టేను. బ్యాగుతోపాటే తెమ్మని గణపతిరావుగారు చెప్పించేరు. అరలోనే ఉంచి నిన్న పొద్దుట నేనే పట్టుకెళ్ళేను. జగదీశ్వరమ్మగారు తలంటుకుంటన్నారు. గణపతిరావుగారి అప్పగారు తాయారమ్మగారు 'ఆ బల్ల మీద పెట్టీసి వెళ్ళు' అన్నారు. పెట్టీసి వచ్చేసేను. మధ్యాహ్నం చూస్తే బేసరి లేదట!"

"ఆవిడ చేతికే ఇవ్వకపోయారా?"

"ఆవిడ తోలు ముట్టుకోరండీ. మడి. కాస్సేపు ఆగి, జగదీశ్వరమ్మగారికి చూపించి వస్తే పోయేది. నా బుద్ధి గడ్డి తింది!"

"ఇప్పుడేమంటారు?"

"రేపు పొద్దున్న పోలీసులకి అప్పగిస్తారట. వీధిలో నిలబడి మరీ దొంగన్నారండీ. బ్యాగులిచ్చిన వాళ్ళందరూ నిన్న సాయంత్రమే వచ్చి పట్టుకుపోయేరు. మా అత్తగారికి చూపు లేదు. 'ఏటే, ఇంట్లో మైనం వాసన రావట్లేదు' అని అడుగుతోంది. ఆవిడకేటి చెప్పను?"

చంద్రశేఖరం నిట్టూర్చి చెప్పులు వెతుక్కున్నాడు. "పద జగన్నాధం. ముందు వీళ్ళింటికి."

కోట వెనక వీధిలో చిన్న పెంకుటిల్లు. వసారాలో దండేనికి బ్యాగులు వేలాడదీసే కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. పక్కనే ఆరిన కుంపటి, ఆముదం సీసా, మైనం ముద్ద. లోపల గదిలో ముసలావిడ ఎవరొచ్చారని అడిగితే శ్యామలాంబ "బేరం వాళ్ళత్తా," అని అబద్ధమాడింది.

"ఆ బ్యాగుకి మీరేమేం చేశారో ఏదీ వదలకుండా చెప్పండి," అన్నాడు చంద్రశేఖరం, గోడకి చేరబడి.

పని మాట వచ్చేసరికి ఆమె గొంతు కాస్త నిలదొక్కుకుంది. "నిండా బూజండీ. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టేను. ఎండ తగిలితే తోలు పగిలిపోతాది. ఆముదంలో మైనం కరగబెట్టి, చల్లారేక కొంచెం కొంచెంగా పట్టించి, ఫ్లానెలు గుడ్డతో రుద్దేను. లోపలి గుడ్డ చివికిపోయింది. పీకీసి కొత్తది వేసేను. మా ఆయనకి కచేరీలో కప్పిన తెల్లపట్టు కండువా అది. అంత మెత్తటి గుడ్డ నాకింకెక్కడ దొరుకుతాది? అరతో సహా కుట్టి, చెమ్మ చేరకండా పల్చటి గుడ్డమూటలో పొడి సున్నం పెట్టి ఉంచేను. ఇచ్చేముందు మూట తీసీసి దులిపేను గానీ, ఆ పొడి కాస్త పట్టుకి పట్టే ఉంటాది."

"ఇచ్చేటప్పుడు ఆ పట్టు మీద మరకలేమైనా ఉన్నాయా?"

"మరకా! ఆయన కండువా అండీ అది. పడనిస్తానా?"

చంద్రశేఖరం ఇంకేమీ అడగలేదు. జగన్నాధం మాత్రం ఏదో మహా రహస్యం తెలిసిపోయినట్టు తలాడించాడు. వాడికి తెలిసిందేమీ లేదు.

శ్యామలాంబని ఇంటి దగ్గరే ఉండమని ఇద్దరూ కంటోన్మెంటుకి వెళ్ళేసరికి గణపతిరావు వసారాలో పడక్కుర్చీ మీద ఉన్నాడు. వీళ్ళని చూడగానే లేచి కూర్చున్నాడు. "ఏటండీ, మా ఇంట్లో బేసరి పోతే దొంగే డిటెక్టివుని పెట్టుకున్నాదా? బాగుంది వరస!"

"దొంగెవరో తేలితే మీకూ మంచిదే కదండీ," అని చంద్రశేఖరం తన పాత తోలు సంచీని గోడవారనున్న బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

పెట్టాడో లేదో లోపలినుంచి తాయారమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, శ్రీకూర్మంలో ఉపదేశం పుచ్చుకున్నది, మనిషంతా ఎముకలే. చేతిలో పసుపునీళ్ళ రాగి గిన్నె, మామిడాకు. "తోలు గదా బాబూ, ఏటనుకోకండి," అని సంచీ మీదా, బల్ల మీదా ఆకుతో చిలకరించి వెళ్ళిపోయింది. జగన్నాధం నవ్వాపుకోలేక దగ్గాడు. చంద్రశేఖరం సంచీ మీది పసుపు చుక్కల్ని చేతిరుమాలుతో ఒత్తుకున్నాడు.

జగదీశ్వరి బ్యాగు తెచ్చి ఇచ్చింది. గోధుమరంగు దూడతోలు, ఇత్తడి గొళ్ళెం, చేత్తో రాస్తే వెన్నలా ఉంది. తెరిచి చూస్తే లోపల తెల్లపట్టు మీద, అర చుట్టూ, చిన్న చిన్న గుండ్రటి ఎర్ర చుక్కలు.

"రక్తం సార్!" అన్నాడు జగన్నాధం ఆయన చెవిలో.

"నా మొహం. ఎండిన రక్తం ఇంత ఎర్రగా ఉంటుందిరా?"

జగన్నాధం కళ్ళు వెంటనే స్తంభం దగ్గర కూర్చున్న కొండబాబు మీదికి పోయాయి. జగదీశ్వరి తమ్ముడు. పనీ పాటా లేకుండా అక్క ఇంట్లో ఉంటున్నాడు. ఒళ్ళో తాంబూలప్పెట్టె, నోరంతా ఎర్రగా ఉంది.

"నన్నేటి అలా చూస్తారు?" అన్నాడు కొండబాబు. "నిన్న మధ్యాహ్నం దాకా నిద్రపోతన్నాను. అక్కనడగండి."

"మా తమ్ముడు బద్ధకిస్టే గానీ దొంగ కాడండీ!" అంది జగదీశ్వరి ఉక్రోషంగా. "తలారబెట్టుకుని వచ్చి చూస్తే బ్యాగు ఆ బల్ల మీదే ఉంది. బేసరి లేదు, ఈ మరకలు ఉన్నాయి."

అసిరమ్మని పిలిచి అడిగితే భయంతో గడగడా చెప్పేసింది. "నాకేటి తెల్దు బాబూ! శ్యామలాంబమ్మ బ్యాగెట్టి ఎల్లిపోడం సూసినాను. నాను వసారా ఊడ్సీసి పెరట్లో గిన్నెలు తోముకుంటన్నాను. ముందర పెద్దమ్మగారొక్కలే ఉన్నారు."

తాయారమ్మ గుమ్మం లోపలే నిలబడి జవాబిచ్చింది. "నేను దాని దరికే వెళ్ళలేదు బాబూ. బ్యాగు తెరవనూ లేదు, ముట్టుకోనూ లేదు. దేవుడి గదిలో జపం చేసుకుంటన్నాను."

చంద్రశేఖరం ఆవిడని ఒక్క క్షణం చూసి తల దించుకున్నాడు. అప్పటికే ఆయనకి తెలిసిపోయింది. తెలిసినందుకు సంతోషమేమీ కలగలేదు. ఇలాంటి ఇంట్లో నిజం చెప్పి బయటపడేసరికి ఆయనకెప్పుడూ జ్వరం వచ్చినంత నీరసం వచ్చేది.

"జగన్నాధం, శ్యామలాంబగారిని తీసుకురా. అమ్మా జగదీశ్వరీ, ఒక నిమ్మకాయ ఇప్పించండి. తాయారమ్మగారూ, మీ పసుపునీళ్ళు కాసిని. కొండబాబూ, నీ పెట్టెలోని సున్నం."

అందరూ వసారాలో చేరారు. శ్యామలాంబ వీధి గుమ్మం దగ్గరే గొడుగు పట్టుకుని నిలబడింది. ఆమెని ఎవరూ లోపలికి రమ్మనలేదు.

చంద్రశేఖరం ఒక ఎర్ర చుక్క మీద నిమ్మరసం వేలితో అద్దాడు. చూస్తుండగానే ఎరుపు పోయి పసుపురంగు తేలింది.

"ఇది తాంబూలమైతే ఇలా పసుపవదు," అన్నాడు. తన తెల్ల చేతిరుమాలు పరిచి దాని మీద వేలితో కాస్త సున్నం రాశాడు. దాని మీద పసుపునీళ్ళు చిలకరించాడు. పడిన చోటల్లా చుక్కలు ఎర్రబడ్డాయి. "పారాణి కలిపే ఆడవాళ్ళకి నేను చెప్పాలా? పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపు."

"అయితే ఏటంటారు?" అన్నాడు గణపతిరావు.

"శ్యామలాంబగారు చెమ్మ పట్టకుండా బ్యాగులో సున్నం పెట్టారు. పొడి కొంచెం పట్టుకి అంటుకుని ఉంది. ఆ పట్టు ఆవిడ కొత్తగా వేసింది, మరకలేని గుడ్డ. అంటే పసుపునీళ్ళు పడింది ఆ తరవాతే. రోజూ తోలుతోనే బతికే మనిషికి తోలు మీద పసుపునీళ్ళు చల్లే అవసరమేముంది? అసిరమ్మకి మడి లేదు, చల్లదు. కొండబాబు స్నానమే సరిగా చెయ్యడు, వాడు చల్లుతాడా? జగదీశ్వరిగారు ఆ బ్యాగు భుజాన వేసుకు తిరగాలనుకుంటున్నారు." ఆయన గొంతు తగ్గింది. "పైపైన చల్లి ఊరుకుంటే చుక్కలు తోలు మీదే ఉండేవి. ఇవి లోపల, అర చుట్టూ ఉన్నాయి. లోపల చెయ్యి పెట్టాల్సి వచ్చినావిడ, పెట్టే ముందు శుద్ధి చేసుకుంది. నా సంచీకి చేసినట్టే. దాన్ని తెరవనే లేదని ఇందాక మాతో చెప్పినావిడ."

అందరూ తాయారమ్మ వైపు తిరిగారు. ఆవిడ గుమ్మం పట్టుకుని మెల్లగా కింద కూర్చుండిపోయింది.

"ఎవరూ రాకూడని గది ఈ ఇంట్లో ఒక్కటే ఉంది," అన్నాడు చంద్రశేఖరం. "బేసరి దేవుడి గదిలో ఉంటుంది. నేను వెళ్ళి వెతకను. ఆ పని నాచేత చేయించకండమ్మా."

"అమ్మవారి ముక్కుకి పెట్టేను," అంది తాయారమ్మ. "మా అమ్మ బేసరి అది. దాన్ని అమ్మ ముక్కున చూస్తూ పెరిగేను. పోయే ముందు నాకిమ్మంది. ఎక్కడ దాచిందో ఎవరికీ తెలీదు. వెతకరా తమ్ముడా అంటే, విధవముండకి బేసరేటే అన్నాడు. పెట్టుకుంటానన్నానా? చూసుకుంటానన్నాను. అంతే."

గణపతిరావు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పైకప్పు చూశాడు.

"ఎక్కడో పడిపోయిందనుకుంటారనుకున్నాను. ఈ తల్లి మీద పడతాదనుకోలేదు. పడ్డాక చెప్పడానికి నోరు రాలేదు," అని ఆవిడ శ్యామలాంబ వైపు చూసింది. చూడలేక చెంగు మొహాన కప్పుకుంది.

చివరికి గణపతిరావే గొంతు సవరించుకున్నాడు. "సరే, అయిందేదో అయిపోయింది. ఇంటి గుట్టు బయట పెట్టకండి. శ్యామలాంబా, నువ్వేటి తియ్యలేదని మాకు తెలిసింది కదా. ఒక మంచి చీర ఇప్పిస్తాను, పట్టుకెళ్ళు."

"నాకేటీ వద్దు బాబూ," అంది శ్యామలాంబ. ఆమె ఇప్పుడు ఏడవడం లేదు. "దొంగన్న మాట వీధిలో అన్నారు. కాదన్న మాట ఇక్కడ చెప్తే ఎలాగండీ? మా ఆయన మీ ఇంట్లో నవరాత్రులకి మృదంగం వాయించేరు. అమ్మవారి ఎదురుగా. అదీ తోలే. అప్పుడెవరూ పసుపునీళ్ళు చల్లలేదు."

చంద్రశేఖరం లేచి తన సంచీ తీసుకున్నాడు.

అప్పుడు తాయారమ్మ లేచింది. బల్ల దగ్గరికి వచ్చి, బ్యాగు మీద రెండు చేతులూ ఆనించింది. ఎత్తి గుండెలకి హత్తుకుంది.

"అప్పా! అదేటి, మడితో..." అన్నాడు గణపతిరావు.

"గుడ్డ పాడుచేసింది నేను. బాగుచెయ్యమని నేనే ఇచ్చి వస్తాను. నువ్వు తప్పుకో."

ముసురు కాస్త తెరిపిచ్చింది. ఆవిడ ఆ బ్యాగుతో వీధిలోకి దిగింది. వెనకాల శ్యామలాంబ, ఆ వెనక చంద్రశేఖరం, జగన్నాధం. జనం అరుగుల మీదికి వచ్చి చూస్తున్నారు. తాయారమ్మ తోలు ముట్టుకోవడం ఆ వీధి పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"అదేటి తాయారమ్మా, తోలు బ్యాగు?" అని ఒకావిడ అడగనే అడిగింది.

"బేసరి నేనే తీసేను. ఈవిడ కాదు," అంది తాయారమ్మ నిలబడి. మలుపులో మరో ఇంటి ముందు అడక్కుండానే ఆగి చెప్పింది. కోట వెనక వీధి వచ్చేదాకా అలా చెబుతూనే నడిచింది. ఒక్కోసారి చెప్పినప్పుడల్లా ఇంకాస్త ముసలిదైపోతున్నట్టుంది.

"సార్, ఆ నిమ్మరసం ఆలోచన అద్భుతం సార్!" అన్నాడు జగన్నాధం నెమ్మదిగా.

"అందులో ఏముందిరా," అన్నాడు చంద్రశేఖరం కుంటుతూ. "ఇందాక నేను చేసింది చిన్న పని. అసలు పని ఆవిడ చేస్తోంది చూడు."

శ్యామలాంబ ఇంటి దగ్గర తాయారమ్మ వసారా అంచున కూలబడింది. శ్యామలాంబ లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది, చేతులు కడుక్కోడానికి. తాయారమ్మ చెంబు ఎత్తి ఆ నీళ్ళు గటగటా తాగేసింది. చేతులు కడుక్కోలేదు. బ్యాగు ఇంకా ఒళ్ళోనే ఉంది.

శ్యామలాంబ కుంపటి అంటించింది. ఆముదం గిన్నెలో మైనం ముద్ద వేసింది.

లోపలి గదిలోంచి ముసలావిడ గొంతు వినిపించింది. "ఎవరే వచ్చేరు?"

"బ్యాగు వచ్చిందత్తా," అంది శ్యామలాంబ. "బాగుచెయ్యడానికి."