పెన్సిల్ తలుపు

"స్క్రీన్‌కేం రోగం లేదమ్మా, నీ కళ్ళకే వచ్చింది" అని కంప్యూటరు చూడ్డానికొచ్చిన ఇంజినీరు మా అక్కని నలుగురి ముందు అనేసి పోయాడట. ఆ ముక్కని అక్క నాకు మూడోసారి అప్పజెప్తోంది, ఆయన గొంతుని అనుకరిస్తూ మరీ. నాకు నవ్వొచ్చింది.

"నవ్వు. చదువు మానేసి రోడ్లు కొలిచేవాడివి, నీకేం పోయింది? రేపు పొద్దున తనిఖీ వాళ్ళొచ్చి ఒక్కో ప్లానూ తెరవమంటారు. ఇలా అలుక్కుపోయి కనబడితే ఈ కుర్చీ నాది కాదు."

అక్క రికార్డు గది చూసుకుంటుంది. ఆఫీసు భవనం కింద, సెల్లార్లో. కిటికీ లేదు. రెండు గదులు. బయటి గదిలో కంప్యూటరు, లోపలి గదిలో భవనాల పాత ప్లాన్ల కాయితాలు. తడి అట్టపెట్టెల వాసన. ట్యూబ్‌లైటు జుమ్మంటూనే ఉంటుంది. నాకు చదువు ఎక్కలేదు గానీ చెవులు మాత్రం పాముచెవులు. మెట్ల మీద ఎవరు దిగుతున్నారో అడుగుల్ని బట్టి చెప్పేస్తా. అక్కదైతే మరీ తేలిక. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. టప్... సర్ర్. టప్... సర్ర్.

అన్నిట్లోకీ అధ్వాన్నంగా కనిపించే షీటు తెరవమన్నాను. ఈ సెల్లారుదే వచ్చింది. అక్షరాలు చీమలు పాకినట్టున్నాయి. ప్రింటు తీసి చూశా. కాయితం మీద శుభ్రంగా ఉంది. అంటే ఫైలు బానే ఉంది, తెర మీద చూపించడంలోనే తేడా.

"ఇదేంటే, ఈ తలుపు గీత వెంట్రుకలా ఉంది?" అన్నా. లోపలి గదికి తలుపు తర్వాతెప్పుడో గోడ కొట్టి పెట్టారట. ప్లాన్లు గీసే ముసలాయన దాన్ని పెన్సిల్‌తో గీసి, ఇంకు తర్వాత పెడతానని, పెట్టకుండానే రిటైరైపోయాడట.

సెట్టింగులు తెరిచేసరికి అక్క నా చెయ్యి పట్టుకుంది. ఏదో ఒకటి నొక్కి అసలుకే ఎసరు పెడతానని దాని భయం.

"కళ్ళజోడు లాంటిదే ఇది. చూపు మారుతుంది, వస్తువు మారదు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో.

అక్క అసలు కాయితం తెస్తానని లోపలికెళ్ళింది. టప్... సర్ర్.

'అక్షరాలు నునుపు చెయ్యి' అన్నదానికి టిక్కు పెట్టా. చీమలన్నీ వరసలో నిలబడ్డాయి. బాగుంది. 'గీతలు నునుపు చెయ్యి' అన్నదానికీ పెట్టా. గోడలన్నీ కొత్త బ్లేడుతో కోసినట్టు తేలాయి. పెన్సిల్ తలుపు మాత్రం లేదు. దాని చోట గోడ గీత తిన్నగా సాగిపోయింది.

పెద్దది చేసి చూశా. లేదు.

అప్పుడు తట్టింది... చెప్పు చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది.

కుర్చీ వెనక్కి తిప్పాను. తలుపు లేదు. గోడ. అదే సున్నం, అదే చెమ్మ మరక. ఆ మరక తలుపు ఉండాల్సిన చోట కూడా పరుచుకుని ఉంది, ఏళ్ళనాటి దానిలా.

"ఒరేయ్..." గోడ అవతల్నించి, చాలా సన్నగా. "తలుపెందుకు వేశావు? గొళ్ళెం చేతికి దొరకట్లేదు."

గోడని తోశాను. చల్లగా ఉంది. గట్టిగా ఉంది. పరిగెత్తుకెళ్ళి కంప్యూటరు ముందు పడ్డాను. 'సన్నగీతలు లావు చెయ్యి' అని ఇంకో గడి ఉంది. పోయిన సన్నగీత దీనితో వస్తుందనుకున్నా. నొక్కాను.

అన్ని గీతలూ లావెక్కాయి. మెట్ల వైపు తలుపుకున్న సందు ప్లాన్లో పూడుకుపోయింది. పైన మెట్ల మీద ఎవరో నవ్వుతున్నారు, ఆ నవ్వు సగంలో తెగిపోయింది. చెవుల్లో దూది కుక్కినట్టైంది. మోచేతికి ఏదో తగిలింది... గోడ. ఇందాక అది నాకు నాలుగడుగుల దూరంలో ఉంది.

అరిచాను. నా అరుపు ఎక్కడికీ పోకుండా నా మొహం మీదే పడింది.

"ఒరేయ్..." ఈసారి గుసగుస. "అరవకు. ఇక్కడ ఇంకెవరో ఉన్నారు. నేను ఊపిరి తీసినప్పుడే తీస్తున్నారు."

గీతలకి పెట్టిన రెండు టిక్కులూ తీసేశా. తెర తెల్లబడింది. ఆ పాత కంప్యూటరు గీతల్ని ఒక్కొక్కటిగా గీస్తోంది. గోడ. ఇంకో గోడ. మెట్లు. చిట్టచివర, వెంట్రుకలా, పెన్సిల్ తలుపు.

వెనక కిర్రుమంది.

అక్క బయటికొచ్చింది. చేతిలో కాయితం చుట్ట ఉంది. తెర వైపు చూసింది. "అక్షరాలు కనిపిస్తున్నాయిగా. చాలు. ఇలాగే ఉండనీ" అంది. లోపలి గదికి తాళం వేసింది. మెట్ల వైపు నడిచింది.

టప్. టప్. టప్.

చెప్పు వైపు చూశా. పట్టీకి పిన్నీసు ఉంది.

తాళం వేసిన తలుపు అవతల్నించి, మెల్లగా... టప్... సర్ర్.

తనిఖీ బాగా జరిగింది. అక్క కుర్చీ నిలబడింది. నన్నూ అక్కడే పనిలో పెట్టించింది. ఇక రోడ్లు కొలవక్కర్లేదురా అని నవ్వింది, అచ్చం అక్కలాగే. ఇంట్లో అన్నం పెడుతుంది, తిడుతుంది, ఇంజినీరు గొంతుని అనుకరిస్తుంది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ అక్కే. కళ్ళు మూసుకుని ఆ అడుగులు వింటే... కాదు.

తాళంచెవి ఎప్పుడూ దాని నడుముకే ఉంటుంది. గొలుసు పట్టుకు గుంజినా ఊడదు. లోపల చప్పుడు రోజురోజుకీ నెమ్మదిస్తోంది. ప్లాన్లో, ఆ తలుపుకి లోపలి వైపున, గోళ్ళతో గీరినట్టు సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. మొన్న మూడు. ఇవాళ తొమ్మిది. ప్రింటు తీస్తే ఒక్కటీ పడట్లేదు.

ఇందాక అక్క భోజనానికి పైకెళ్ళింది. తాళంచెవి నా కీబోర్డు పక్కనే ఉంది. మర్చిపోయిందో, కావాలనే పెట్టి వెళ్ళిందో. అవతల ఎవరో సరిగ్గా నాతోపాటే ఊపిరి తీస్తున్నారు.

మీరైతే తలుపు తీస్తారా?