మోత మీద మోత

గద్వాలలో ఆ వీధికి తెల్లవారిందని చెప్పడానికి కోడి అక్కర్లేదు. మొదటి మగ్గం టక్కుమంటుంది, ఎదురింటి మగ్గం దానికి జవాబిస్తుంది, చాయ్ మరిగేలోపు వీధంతా ఒకటే దరువు. కొత్తవాళ్లు రెండు రోజులు తల పట్టుకుంటారు. నవనీత మాత్రం వచ్చిన మొదటి పొద్దునే గోడకు ఆనుకుని కూర్చుని, ఆ దరువు వింటూ హాయిగా కళ్లు మూసుకుంది. రెండేళ్లలో ఆమెకు దొరికిన మొదటి నెమ్మది అది.

నవనీత కుడి చెవిలో మోత ఉంది. ఆత్మకూరులో చిన్నాన్న కొడుకు బారాత్ నాడు డీజే డబ్బాల పక్కన పావుగంట నిలబడింది, అంతే. డబ్బాలు ఆ రాత్రే ఆగాయి. మోత ఆగలేదు. నాలుగిళ్ల అవతల ఎవరిదో కుక్కర్ సన్నగా, ఆగకుండా ఈల వేస్తున్నట్టు ఉంటుంది. తింటున్నా అదే, మాట్లాడుతున్నా అదే, నడిరాత్రి మెలకువ వచ్చినా తనకంటే ముందే లేచి కూర్చుని ఉండేది అదే. వనపర్తిలో డాక్టరు చెవిలో లైటు వేసి చూసి, నరం దెబ్బతింది, మందుతో పోయేది కాదు, అలవాటు చేసుకోవాలి అన్నాడు. సప్పుడు లేని గదిలో పడుకోవద్దు, ఫ్యాను వేసుకో, రేడియో సన్నగా పెట్టుకో అని పంపించాడు.

ఇంట్లో ఎవరు నమ్మారు గనుక. కాలు విరిగితే కట్టు కనబడుతుంది, జ్వరమొస్తే ఒళ్లు కాలుతుంది. చెవిలో మోతకు సాక్ష్యం ఎక్కడినుంచి తెచ్చేది? తల్లి పుష్పమ్మ అది పని తప్పించుకునే ఎత్తు అంది. తండ్రి ఫోను పక్కన పెడితే అదే పోతుందన్నాడు. నమ్మింది ఒక్కతే, గద్వాలలో ఇచ్చిన అక్క యామిని. చెల్లెలు ఫోన్లో గంటసేపు ఏడిస్తే గంటసేపూ విన్నది. "వాళ్లకు ఇనబడకుంటే లేనట్టేనా? నువ్వు ఉన్నదంటే ఉన్నట్టే" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని నవనీత రెండేళ్లు లాక్కొచ్చింది.

ఆ అక్కే మూడు నెలల కింద రమ్మంది. కాన్పయి నెల దాటిందని, వెనక గదిలో మగ్గం ఒకటి ఖాళీగా పడి ఉందని, నేసే మనిషి హైదరాబాద్ వెళ్లిపోయాడని చెప్పింది. వచ్చి మగ్గం మీద కూర్చుంటే ఆ చప్పుడులో మోత మునిగిపోతుందని కూడా అంది. నవనీత నేతగాళ్ల ఇంటి పిల్లే. సంచి సర్దుకుని బస్సెక్కింది.

నిజంగానే మునిగింది. వెనక గదిలో గంజి వాసన, మగ్గం గుంటలోంచి పచ్చిమట్టి వాసన. గుంటలోకి కాళ్లు దించి, కాలి కింది పలక తొక్కి, దారపు కండె ఉన్న నాడె విసిరి, దువ్వెనలాంటి పన్నె లాగి ఒక్క దెబ్బ కొడితే చాలు, మోత ఆ దెబ్బ కింద అణిగేది. మగ్గం మీద పాత మనిషి సగంలో వదిలిన చీర ఉంది. నెమలికంఠం రంగు ఒళ్లు, మిరపపండు అంచు. నవనీత ఆ సగం దగ్గర నుంచే అందుకుంది; తన చేతి నిదానమేమో, ఎన్నాళ్లు నేసినా అది ముగింపుకు రాలేదు. అక్క పొద్దుకు రెండుసార్లు వచ్చి గడప అవతలే నిలబడి చాయ్ గ్లాసు అందించేది. బాలింతకు గుంట గాలి మంచిది కాదట. చెవుల్లో దూది, తలకు గుడ్డ, పక్కన పాప చెవుల్లోనూ చిటికెడు దూది. బాలింతలు పెట్టుకునేదే కదా, నవనీత దాని గురించి ఆలోచించనే లేదు. నడవ గోడ మీద దండ వేసిన ఫోటో బావ మేనత్త సుభద్రమ్మదని, దవాఖానలో పోయిందని అక్క చెబితే, దాని గురించీ ఆలోచించలేదు.

నెల తిరిగాక ఒక సాయంత్రం ఆమె పని ఆపి గుంటలోంచి పైకి వచ్చింది. దీపం ఆర్పి గడప దాటింది. వెనకనుంచి మూడు దెబ్బలు వినబడ్డాయి. టక్... టక్... టక్.

పక్కింటిది అనుకుంది. రెండోరోజూ వినబడింది, నాలుగోరోజూ. అక్కకు చెప్పింది. యామిని చెల్లెలి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, ఇదీ చెవిలోదే, మోతలు రకరకాలుగా మారుతుంటాయట, పరేషాన్ కావొద్దు అంది. అంతటితో వదిలేయలేదు, పసిపాపను భర్తకు అప్పజెప్పి తానే వనపర్తి తీసుకుపోయింది. డాక్టరు ముందు అక్కే మాట్లాడింది. "మా ఇంట్ల ఎవ్వరికీ ఇనబడది సార్. ఈమె ఒక్కదానికే" అని నిదానంగా చెప్పింది. డాక్టరు నిద్రమాత్ర రాశాడు. వచ్చేదారిలో నవనీత అక్క భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. ఇంత ప్రేమ కలిగిన మనిషి తనకు ఉన్నందుకు ఏడుపొచ్చింది కూడా.

అమావాస్య నాడు ఆ వీధిలో మగ్గం ముట్టరు. వచ్చాక పడిన రెండు అమావాస్యలకూ అక్క పోరి ఆమెను ఆత్మకూరు పంపింది, అమ్మను చూసిరా అని. మూడోసారి పొద్దున్నుంచి వాన పట్టుకుంది, పోవడం పడలేదు. మధ్యాహ్నానికి వాన వెలిసింది గానీ మబ్బు వదలలేదు. మూడు గంటలకే ఇంట్లో మసక. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను మూడు తిప్పులు తిరిగి నిలిచిపోయింది.

వీధిలో ఒక్క మగ్గం లేదు. టీవీ లేదు. చూరు నుంచి నీటిబొట్లు కూడా ఆగిపోయాయి.

నవనీతకు ఇలాంటి నిశ్శబ్దమంటేనే భయం. మోత ఒక్కసారిగా తల నిండా పరుచుకుంది. ఆమె చాప మీద కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతూ లెక్కపెడుతోంది, అలవాటైన పద్ధతి అది. యాభై... యాభై ఒకటి...

టక్.

ఆగింది.

టక్... టక్.

మాత్ర వేసుకోలేదు, అందుకే అనుకుంది. తర్వాత ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని తన మీద తనకే ఒళ్లు మండింది. లోపలి మోత చెవులు మూసుకుంటే ఇంకా పెరుగుతుంది. అది రెండేళ్లుగా రోజూ చూస్తున్నదే. బయటి చప్పుడైతే తగ్గుతుంది. అంతే కదా.

రెండు అరచేతులూ చెవులకు గట్టిగా అదిమింది. ఈల పెరిగింది, గుండె చప్పుడు వినబడింది. టక్ లేదు.

చేతులు తీసింది.

టక్... టక్...

మళ్లీ మూసింది. లేదు. తీసింది. ఉంది.

ఆమె లేచి వెనక గది వైపు నడిచింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ సందులోంచి గంజి వాసన, దానితోపాటు ఇంకేదో, చాలా రోజులు విప్పని మూటలోని బట్టల వాసన. వేలితో తలుపు తోసింది. చప్పుడు ఆగింది.

మగ్గం కదలడం లేదు. నాడె నిన్న తాను పెట్టిన చోటే ఉంది. పన్నె నిటారుగా ఉంది. పోగులు మాత్రం సన్నగా వణుకుతున్నాయి, ఇప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు. నవనీత వంగి గుంటలోకి చూసింది. చీకటి. కళ్లకు ఆ చీకటి అలవాటయ్యాక రెండు తొక్కుడు పలకలు కనబడ్డాయి. ఒకటి పైన ఉంది. రెండోది కింద ఉంది. కాలు పెడితే తప్ప అది కింద నిలవదు.

ఆమె చూస్తుండగానే ఆ పలక నెమ్మదిగా... చాలా నెమ్మదిగా... పైకి వచ్చింది.

ఎలా వెనక్కి వచ్చిందో తెలియదు. నడవలో బావ మధుసూదన్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. లేపుదామని వంగింది. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. బావ చెవిలో దూది ఉంది. రెండు చెవుల్లోనూ, లోపలి దాకా, గట్టిగా కూరి.

బావకు ఎప్పుడయింది కాన్పు?

పక్క గదిలో యామిని పాపకు పాలిస్తోంది. నవనీత వెళ్లి ఎదురుగా నిలబడింది. వంగి, అక్క తలగుడ్డ జరిపి, కుడి చెవిలోని దూది లాగింది. తర్వాత ఎడమ చెవిలోది. అక్క ఆ చెయ్యి పట్టుకోబోయింది, అందలేదు.

టక్.

యామిని భుజం అదిరింది.

రెండేళ్లుగా నవనీత వెతుకుతున్న సాక్ష్యం అది. దొరికింది. అక్క భుజం మీద దొరికింది.

"ఇనబడ్డది గద" అంది, గొంతులో తడి లేకుండా.

"మెల్లగ మాట్లాడు" యామిని గుసగుసగా అంది. "లేస్తది."

పాప మేలుకునే ఉంది. పాలు తాగుతూ, తలుపు వైపు చూస్తూ.

"ఎవరది?"

యామిని పాపను మరో వైపుకు తిప్పుకుంది. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. గోడ మీద ఫోటోలో ఉన్న సుభద్రమ్మ, బావను పెంచిన మేనత్త, దవాఖానలో పోలేదు. ఆ చీర సగంలో ఉండగా ఆ గుంటలోనే కూర్చుని పోయింది. పొద్దున చూస్తే పన్నె పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. చీర కోసి తీసేద్దామని బావ రెండుసార్లు కత్తెర పట్టుకుని పోయి, ముఖం తెల్లబోయి తిరిగొచ్చాడు. కూలికి ముగ్గురిని పెట్టారు. ఒక్కరూ నెల దాటలేదు, ఎవరు నేసినా చీర పూర్తి కాలేదు. హైదరాబాద్ పోయిన మనిషి ఎవరూ లేరు.

"మగ్గం మీద మనిషి కూసుంటే ఆమె ఆడనే ఉంటది. ఖాళీ పెడితే ఇంట్లకొస్తది. నేను కాన్పయి వచ్చిన వారానికి ఉయ్యాల ఊపింది నీతా... నా కండ్ల ముంగట. నేనేం చెయ్యాలె?"

"నాకు చెప్పాలె."

"చెప్తే వస్తుంటివా?"

నవనీత రాకపోయేదేమో. అక్క ఏడిస్తే వచ్చేదేమో కూడా. ఆ సంగతి తేల్చుకునే వీలు తనకు ఇవ్వలేదు కదా.

"మరి నన్నే ఎందుకు పిలిచినవు?"

యామిని పాప తల నిమురుతూ, కళ్లెత్తకుండా అంది. "నీకు ఎట్లయినా చెవుల మోతనాయె. ఒక మోత మీద ఇంకో మోత... నీకు తెల్వదనుకున్న. తెలిసినా ఎవరూ నమ్మరనుకున్న."

ఈ చివరి మాట యామిని నోటినుంచి జారి ఉంటుంది. ఇద్దరూ కాసేపు దాన్నే చూస్తున్నట్టు నేలకేసి చూశారు. ఊళ్లో అందరూ నమ్మకపోయినా నవనీత తట్టుకుంది. నమ్మిన ఒక్క మనిషీ ఆ నమ్మకాన్ని ఎందుకు దాచిపెట్టుకుందో ఇప్పుడు తెలిసింది. డాక్టరు గదిలో ఎంత నిదానంగా చెప్పింది, ఈమె ఒక్కదానికే అని. చెవుల్లో దూది పెట్టుకుని చెప్పింది.

నవనీత సంచి తీసుకుంది. నడవలోంచి పోతుంటే బావ కళ్లు తెరిచి ఉన్నాయి. ఆమెను చూసి మూసుకున్నాడు. వెనకనుంచి యామిని, ఈ ఒక్క రాత్రి ఉండు, పాపను చూసైనా ఉండు అంటోంది. నవనీత తిరిగి చూడలేదు. పెరటివైపు బయటికి దారి వెనక గది ముందు నుంచే. తలుపు తాను వదిలినట్టే తెరిచి ఉంది. లోపల ఏ చప్పుడూ లేదు.

ఆత్మకూరు బస్సులో జనం తక్కువ. కండక్టరు ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టిచ్చి ముందుకు పోయాడు. ఆమె వెనక నుంచి మూడో వరసలో ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంది. కుడివైపు సీటు ఖాళీ. జూరాల డ్యాం మీదికి వచ్చేసరికి వెలుతురు పూర్తిగా పోతోంది, కింద కృష్ణ నీళ్లు నల్లగా ఉన్నాయి. ఏడవాలనుకుంది, రాలేదు.

బస్సు డ్యాం దాటుతుండగా మోత ఆగిపోయింది.

ముందు ఆమెకు అర్థం కాలేదు. ఏదో తగ్గినట్టుంది, ఏమిటో తెలియడం లేదు. కుడి చెవిలో ఈల లేదు. ఇంజను చప్పుడు, కిటికీ అద్దాల గిలగిల, ముందు సీట్లో ముసలాయన దగ్గు, అన్నీ కడిగినట్టు వినబడుతున్నాయి. రెండేళ్ల తర్వాత... అప్పుడు వచ్చింది ఏడుపు.

ఫోను మోగింది. అక్క. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

"ఆగిపోయింది నీతా" యామిని గొంతు తేలికగా ఉంది, ఏడ్చి తేరుకున్న గొంతు. "వెనక గది గిట్ల ఎన్నడు లేదు. బావ లోపలికి పోయి చూసొచ్చిండు. చీర మగ్గం మీద లేదంట. ఎవరో తీసుకపోయినట్టు... పోగులన్నీ ఖాళీగ ఏలాడుతున్నయంట. నువ్వేమన్న తెచ్చినవా?"

"నేనేం తేలె. అక్కా, నా చెవుల మోత గూడ ఆగింది."

అటువైపు మాట లేదు. అక్క వింటోందని మాత్రం తెలుస్తోంది, ఊపిరి బిగబట్టి వింటోంది.

"నీ పక్కన ఎవరున్నరే?" యామిని గుసగుసలాడింది.

నవనీత చూసింది. ఖాళీ సీటు. "ఎవ్వరు లేరు."

యామిని ఇంకా కాసేపు విన్నది. తర్వాత, చాలా మెల్లగా, చిన్నప్పుడు నిద్రపుచ్చేటప్పుడు మాట్లాడినంత మెల్లగా అంది.

"ఇగ మా ఇంటికి రాకు నీతా. ఏమనుకోకు. పాప ఉన్నది గద."

ఫోను ఆగింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్.

బస్సులో లైట్లు ఆర్పేశారు. నవనీత ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెవి లోపల అంతా నిశ్శబ్దం. ఆమె ఇన్నాళ్లూ కోరుకున్న నిశ్శబ్దం.

అందులో, కుడివైపు, చెవి తమ్మెకు తగిలేంత దగ్గర... ఎవరో పంటితో పోగు కొరికారు.