గోడ చెప్పిన సాక్ష్యం

శాస్త్రవేత్త డాక్టర్ చిదంబరరావు మీట నొక్కగానే పదో తరగతి గోడ మీద సన్నటి ఎర్రని లేజర్ గీత మెల్లగా పాకింది. పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

గోడల్లోంచి శబ్దాన్ని తోడి తీసే యంత్రం కొత్తగా తయారైన రోజులవి. మన్యపురం హైస్కూల్లో ఉన్న ఒక్కగానొక్క టెలిస్కోపు ఈ గదిలోనే, కిటికీ పక్కన కిందపడి పగిలింది. ఆ మధ్యాహ్నం గదిలోంచి చివరగా వెళ్లింది ఝాన్సీ. అందరి వేళ్లూ ఆమె వైపే చూపించాయి. గుసగుసలు భరించలేక సుగుణ టీచర్, "కోర్టు పాఠం చదివారుగా, విచారణ ఇక్కడే జరుపుదాం" అని తామే జడ్జిగా కూర్చున్నారు. ఝాన్సీ తరఫున వాదించడానికి లేచింది ఆమె ప్రాణస్నేహితురాలు హిమజ. డాక్టరుగారి ఇంటికి వెళ్లి బతిమాలి, యంత్రాన్ని రప్పించిందీ ఆమే.

"గోడ మాట్లాడుతుందా సార్?" టీచర్ అడిగారు.

"మాట్లాడదమ్మా. శబ్దం తగిలినప్పుడల్లా సున్నంలో కంటికి ఆనని అదురు మిగిలిపోతుంది. లేజర్ దాన్ని చదువుతుంది, కంప్యూటర్ తిరిగి శబ్దంగా మారుస్తుంది. అయితే ఏది వినిపించాలో, ఏది వద్దో దానికి తెలీదు."

"అంతా వినిపించండి సార్, మాకు దాపరికాల్లేవు" అంది హిమజ.

స్పీకర్లోంచి తలుపు చేరవేసిన చప్పుడు. దూరమవుతున్న ఝాన్సీ అడుగులు. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఈదురుగాలి, కిటికీ రెక్క ధడాలున కొట్టుకోవడం, బరువైనదేదో కిందపడి గాజు భళ్లున పగలడం.

"నిర్దోషి!" అన్నారు టీచర్. క్లాసంతా చప్పట్లు. ఝాన్సీ ఏడుస్తూ వచ్చి హిమజను గట్టిగా వాటేసుకుంది.

ఆ సందడిలో యంత్రాన్ని ఆపడం ఎవరికీ తోచలేదు. స్పీకర్లో, ఆ రోజు గదిలోకి తిరిగొచ్చి పగిలిన టెలిస్కోపును చూసిన పిల్లల అరుపులు మొదలయ్యాయి. వాటి మధ్య నుంచి హిమజ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఝాన్సీయే పడేసుంటుంది. ఒప్పుకునే ధైర్యం దానికెక్కడిది? ఏదో ఒకటి చెప్పి నేనే వెనకేసుకొస్తాలే, పాపం."

డాక్టరుగారు గబుక్కున మీట కట్టేశారు.

హిమజ భుజాల మీంచి ఝాన్సీ చేతులు జారిపోయాయి. ఝాన్సీ కళ్లు తుడుచుకుని, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు జోడించింది.

"చాలా బాగా వాదించారండీ" అంది, ఊహ తెలిసినప్పటి నుంచీ 'ఒసేయ్' అని పిలిచిన నోటితోనే.