నీ నీడ పడుతోంది

ఆ పొద్దున అక్కాచెల్లెళ్ళిద్దరూ పోట్లాడుకుంటూనే కారెక్కారు. అక్క ఫొటోలు తీస్తుంది. పెళ్ళి ఫొటోలు కావు, మనుషుల ఫొటోలు అసలే కావు. బండ మీద పాచి, చెట్టు బెరడు, ఎండిన బురద, ఇలాంటివి దగ్గరనుంచి తీసి గోడకు తగిలిస్తుంది. చూసినవాడికి అదేమిటో అంతు పట్టకూడదు. అదీ ఆవిడ కళ. ఇంకో పది రోజుల్లో ప్రదర్శన. పన్నెండు ఫొటోలు కావాలి, పదకొండే ఉన్నాయి. తనకు కారు నడపడం రాదు కనక చెల్లిని మంచంమీంచి లేపి లాక్కొచ్చింది.

"పన్నెండింటికి పాప బడినుంచి వస్తుంది. తలుపు తీయడానికి నేనుండాలి," అంది చెల్లి, అప్పటికి నాలుగోసారి.

"ఉంటావులేవే తల్లీ! ఒక్క ఫొటో. తీయగానే వెళ్ళిపోదాం."

ఊరి బయట జలాశయం ఆ ఏడు పూర్తిగా ఎండిపోయింది. కనుచూపు మేర పగిలిన బురదే. ఎనిమిదిన్నర ఎండ ఏటవాలుగా పడి ప్రతి పగులుకూ నల్లటి అంచు గీసింది. పిట్ట అరుపు లేదు, ఈగ మోత లేదు. నేల ఎండుతూ ఎక్కడో టిక్కుమనడం తప్ప ఇంకే చప్పుడూ లేదు. అక్కకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడకో చాదస్తం ఉంది. ఫొటోలో మనిషి జాడ పడకూడదు. ఒక్క ఎండుటాకు కనిపించినా చూసేవాడు ఓహో, ఇది జానెడు నేలేనా అని కనిపెట్టేస్తాడట. అందుకని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆకులూ పుల్లలూ అన్నీ ఏరి అవతల పారేస్తుంది.

"ఇంట్లో చీపురు ముట్టవు గానీ, ఇంత చెరువు ఊడుస్తున్నావు," అని నవ్వింది చెల్లి.

అక్కకు నచ్చిన చోట పొడవాటి పగులు ఒకటుంది. దాని వెంబడి, చొక్కాకు గుండీలు పెట్టినట్టు, ఏడు గులకరాళ్ళు వరసగా నొక్కి ఉన్నాయి.

చెల్లి నవ్వు ఆగింది. "ఎవరో కావాలని పెట్టారక్కా. ముట్టుకోకు."

"పెట్టినవాళ్ళొచ్చి అడుగుతారా ఏంటి?"

ఒక్కో రాయీ పీకింది. చుట్టూ నేల బెల్లంగడ్డలా గట్టిగా ఉంది గానీ, రాళ్ళ కింద మాత్రం తడి. చాలా రోజులు మార్చని పూలజాడీ నీళ్ళలాంటి వాసన గుప్పుమంది. అక్క మొహం చిట్లించుకుని ఏడు రాళ్ళనీ ఏరిన చెత్త మీదికి విసిరేసింది. కెమెరాను స్టాండుకు బిగించి, కిందికి వంచి, కన్ను ఆనించింది.

ఫ్రేము అద్భుతంగా ఉంది. మూలన నీడ ఒక్కటే అడ్డం.

"జరగవే. నీ నీడ పడుతోంది."

నీడ కొంచెం జరిగింది.

"ఇంకా."

ఇంకొంచెం జరిగింది.

"అబ్బా, ఇంకా! పూర్తిగా తప్పుకో!"

"ఎవరితో అక్కా నీ గొడవ?" అని చెల్లి గొంతు వినిపించింది. దూరం నుంచి. "నేను కారు దగ్గర టీ పోస్తున్నా."

అక్క కన్ను తీయలేదు. తీయబుద్ధి కాలేదు. నీడ ఇంకా మూలనే ఉంది... ఆగి ఉంది... చెప్పింది విని ఆలోచిస్తున్నట్టు. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా, కారు ఉన్న వైపుగా ఫ్రేము దాటిపోయింది.

ఇప్పుడు ఫ్రేము శుభ్రంగా ఉంది.

అప్పుడైనా తలెత్తి చెల్లిని పిలవాల్సింది. పిలవలేదు. ముందు ఫొటో తీసింది. ఆ తర్వాతే తల తిప్పింది.

కారు తలుపు తెరిచే ఉంది. బానెట్ మీద ఫ్లాస్కు మూతలో టీ పొగలు కక్కుతోంది. చెల్లి లేదు.

"చెల్లీ..."

టిక్కు. టిక్కు. నేల చప్పుడు.

కారు దగ్గరికి పరుగెత్తింది. చుట్టూ ఒక్క అడుగుజాడ లేదు. దుమ్మంతా ఎవరో చీపురుతో నున్నగా ఊడ్చినట్టుంది. వెనక్కి చూసుకుంది. తను పరుగెత్తుకొచ్చిన జాడలు కూడా లేవు. చూపు చెత్తకుప్ప మీద పడింది. ఎండుటాకులు, పుల్లలు, ఏడు రాళ్ళు... వాటి మీద చెల్లి చెప్పులు, జడ క్లిప్పు, కారు తాళాలు. అవతల పారేసినట్టు.

మూడు రోజులు వెతికారు పోలీసులు. పగుళ్ళలో కర్రలు గుచ్చి చూశారు, దొరికిందేమీ లేదు. అక్క వాళ్ళకు నీడ సంగతి చెప్పింది. వాళ్ళు జాలిగా చూశారు. ఫొటో ముందు తీశానన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, చెల్లి భర్తయిన మరిదికి కూడా.

ప్రదర్శన మానేసింది. చెల్లివాళ్ళింట్లో ఉంటూ పాపను తనే చూసుకునేది. ఆ ఫొటోను తలుపంత పెద్దది చేయించి హాల్లో గోడకు ఆనించి, భూతద్దం పెట్టుకుని పగులు పగులూ వెతికేది. వేలి గోరైనా, వెంట్రుకైనా కనిపిస్తుందేమోనని. ఏమీ లేదు. అంత శుభ్రమైన ఫొటో తన జన్మలో తీయలేదు. దాన్ని చింపేయాలని రోజూ అనుకునేది. చెల్లి అందులో ఉంటే? ఆ భయంతో చెయ్యి ఆడేది కాదు.

ఓ మధ్యాహ్నం మరిది పోలీస్ స్టేషనుకు వెళ్ళాడు. అక్క వంటింట్లో పాపకు అన్నం కలుపుతోంది. హాల్లోంచి పాత నీళ్ళ వాసన వచ్చింది.

"పెద్దమ్మా," అని పిలిచింది పాప, మెల్లగా. "అమ్మ మాట్లాడుతోంది."

అక్క చేతిలో కంచం జారిపడింది. హాల్లోకి పరుగెత్తింది. పాప ఫొటోకు ఎదురుగా నిలబడి ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో దాని నీడ గచ్చు మీద చిన్నగా, నల్లగా ఉంది.

"ఏమంటోందే... అమ్మ?"

"జరగమంటోంది," అంది పాప. ఒక అడుగు పక్కకు వేసింది. చెవి ఒగ్గి విన్నది. "ఇంకానా అమ్మా?"

"వద్దు! ఇటు రా! నా దగ్గరికి రా!"

పాప ఇంకో అడుగు జరిగింది. గచ్చు మీద నీడ మాత్రం ఉన్నచోటే ఉంది.