అమ్మ దగ్గరికి రా

బస్టాండులో అనౌన్సరుగా పనిచేసే ఆమెకి గొంతు చించుకోవడమంటే చిరాకు. ఒకసారి శుభ్రంగా రికార్డు చేసిపెట్టుకుంటే చాలు, బస్సు వచ్చినప్పుడల్లా మీట నొక్కి టీ తాగుతూ కూర్చోవచ్చు. ఇంట్లో ఆ సుఖం లేదు. నాలుగేళ్ళ కూతురి చేతిలోంచి ట్యాబు లాక్కోవాలంటే రోజూ ఓ యుద్ధమే. ఏడుపు, నేలమీద దొర్లడం, ఏ ఘోరం జరిగిపోతోందో అని పక్కింటివాళ్ళు తలుపు తీసి తొంగిచూడడం.

"ఇచ్చేటప్పుడు లేని బుద్ధి లాక్కునేటప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందమ్మాయ్?" అనేది అత్తగారు.

"మధ్యాహ్నమంతా మీరు చూపించకపోతే నాకీ లాక్కునే పని ఉండదు అత్తయ్యా."

మాటకి మాట. పిల్ల మాత్రం ట్యాబుతోనే.

చివరికి తన విద్యే ఇంట్లోనూ వాడింది. ఓ మధ్యాహ్నం బస్సుల సందడి తగ్గాక కేబిన్ తలుపు వేసుకుని, మైకు ముందు మెత్తగా చెప్పింది.

"చాలు బంగారం. కళ్ళు మూసుకో. అమ్మ దగ్గరికి రా."

కళ్ళు మూసుకుంటే తెర ఆరిపోవడం కనబడదు, కనబడకపోతే ఏడుపు రాదు. ఇదీ ఆమె లెక్క. తిరిగి విన్నప్పుడు మాటల చివర ఎవరో ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. అది కత్తిరించేసింది. మళ్ళీ వింటే మళ్ళీ ఉంది. మైకు మీది నల్ల స్పాంజి పాతబడి, ఎందరి ఊపిరో పీల్చుకుని ముక్కవాసన కొడుతోంది. దాని మహిమే అనుకుని వదిలేసింది.

దాన్ని ట్యాబులో టైమరుకి తగిలించింది. మంత్రం వేసినట్టు పనిచేసింది. టైము అయ్యేసరికి ట్యాబులోంచి ఆమె గొంతు పలికేది, తెర ఆరిపోయేది. పిల్ల ట్యాబు పక్కన పెట్టేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు చాపుకుంటూ తల్లి ఎక్కడుంటే అక్కడికి వచ్చేసేది. మా వాడికి కూడా ఒకటి చెప్పిపెట్టమని బస్టాండు కంట్రోలరు వెంటపడ్డాడు.

ఓ సాయంత్రం ఆమె వంటింట్లో ఉండగా హాల్లో గొంతు పలికింది. పిల్ల రాలేదు.

వెతికితే నడవ చివర సామాన్ల గదిలో దొరికింది. చెమ్మ పట్టిన అట్టపెట్టెల మధ్య, గోడకి ఎదురుగా నిలబడి ఉంది. కళ్ళు మూసుకునే ఉంది. నవ్వుతోంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"అమ్మ దగ్గరికొచ్చా."

ఆ గది పక్కనే అత్తగారి మంచం. తల్లికి చప్పున వెలిగింది. పిల్లని ఇటు రప్పించుకుని, దొంగచాటుగా తన ఫోను చూపిస్తోందన్నమాట! మర్నాడూ అదే తంతు. మూడోనాడు నేరుగా వెళ్ళి తలగడ ఎత్తింది. ఫోను ఉంది. ఛార్జింగు లేక ఎప్పుడో చచ్చిపోయింది.

"నా తలగడ కిందేం వెతుకుతున్నావ్?" అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. "సాయంత్రమైతే ఆ గదిలో లైటు ఆర్పేసుకుని పిల్లతో గుసగుసలాడేది నువ్వు కాదూ? రూల్సు పెట్టేదీ నువ్వే, చాటుగా ట్యాబు ఇచ్చేదీ నువ్వే. నేనేం చెవిటిదాన్ని కాదమ్మాయ్."

"సాయంత్రం పూట నేను వంటింట్లో ఉంటాను అత్తయ్యా."

ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. ఇద్దరూ నమ్మలేదు.

ఆ పూటే ఆమె రికార్డింగు తీసేసింది. ట్యాబు ఆపేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇక అత్తగారి ఆటలు సాగవనుకుంది.

మర్నాడు సందెవేళ కరెంటు పోయింది. భర్త ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. అత్తగారు టార్చి కోసం తడుముకుంటోంది. పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుని గౌను అంచు నములుతోంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్రిజ్ రొద కూడా లేదు.

"చాలు బంగారం."

నడవ చివరినుంచి వచ్చింది. ఆమె గొంతే.

"కళ్ళు మూసుకో."

ఒళ్ళో పిల్ల కళ్ళు మూసుకుంది.

"అమ్మ దగ్గరికి రా..."

ఆ తర్వాత చిన్న ఊపిరి.

ఆమె తేరుకునేలోగా పిల్ల జారి దిగిపోయింది. చేతులు చాపుకుని చీకట్లోకి నడుస్తోంది. ఎక్కడా తడబడడం లేదు.

"ఏయ్, ఆగు! అమ్మ ఇక్కడుంది!"

ఆగలేదు. ఆమె నడవలోకి పరుగెత్తింది. సామాన్ల గది తలుపు బార్లా తెరిచి ఉంది. పిల్ల గుమ్మం దగ్గరికి చేరుకుంది. అరిస్తే వినడంలేదు. మరి ఏం చెబితే వింటుంది?

ఆమె గొంతు సవరించుకుంది. కేబిన్లో చెప్పినట్టే, అంతే మెత్తగా, అదే విరుపుతో...

"చాలు బంగారం. కళ్ళు మూసుకో. అమ్మ దగ్గరికి రా."

పిల్ల ఆగింది. వెనక్కి తిరిగింది. నవ్వుతూ ఆమె వైపే రాసాగింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది ఆమెకి. మోకాళ్ళ మీద కూలబడి చేతులు చాపింది.

పిల్ల ఆ చేతుల్ని తప్పించుకుని, ఆమెని ఒరుసుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

హాల్లోంచి టార్చి వెలుగు పడింది. అత్తగారు ఆమె వెనకవైపుకి చూస్తూ ఉన్నచోటే నిలిచిపోయింది.

"అమ్మాయ్..." గుసగుసగా అంది. "నువ్వు... కదలకు."

మెడ వెనక చల్లగా ఏదో తగిలింది. పాత స్పాంజి ముక్కవాసన.

ఆమె మెల్లగా తల తిప్పింది.

పిల్ల చేతులు ముందుకి చుట్టుకుని, తల పక్కకి వాల్చి ఉంది. చేతుల మధ్య ఏమీ లేదు. ఒట్టి ఖాళీ. టార్చి వెలుగులో పిల్ల వీపు ఆమెకి కనబడింది. అక్కడ గౌను నొక్కుకుపోయింది. మళ్ళీ పైకి లేచింది. మళ్ళీ నొక్కుకుపోయింది. మెల్లగా, తీరిగ్గా... ఎవరో జోకొడుతున్నట్టు.