ఆఖరి ఇరవై అడుగులు

శిఖరం ఇంకో ఇరవై అడుగులుంది. లాకీ అక్కడే కూర్చుని బూటు లేసు విప్పాడు.

“మళ్ళీ మొదలెట్టావా?” అంది ఇష్బెల్. ఆమె ప్యాంటుకి తొడదాకా బురద. కింద కనుమలో కారు ఆపిన చోటి నుంచి ఇక్కడిదాకా ఊబినేలే. హెదర్ పొదల మధ్య ఎక్కడ కాలు పెట్టినా దిగబడింది.

“మోకాలు పట్టేసింది. దిగిపోదాం.”

“పోయినసారి మంచు అన్నావు. అంతకుముందు గాలన్నావు. ఇవాళ ఎండ కాసింది కాబట్టి మోకాలా?”

లాకీ స్కాట్లండ్‌లో మూడువేల అడుగులు దాటిన కొండలన్నీ ఎక్కేశాడు. మిగిలింది ఇదొక్కటే.

వాళ్ళ పరిచయమూ బురదలోనే. నిరుడు వసంతంలో అతను నడుందాకా దిగబడితే, ఆమె చేతికర్ర అందించి బయటికి లాగింది. “పచ్చగా మెరిసేచోట కాలు పెట్టకూడదని తెలీదా? నిన్ను ఒంటరిగా వదిలితే మునిగిపోతావు. నీ ఆఖరి కొండ అయ్యేదాకా నేనూ వస్తా” అంది. అప్పట్నుంచి ప్రతి శనివారం వస్తూనే ఉంది.

ఆఖరి కొండ అయ్యేదాకా. ఆ మాటే అతని మోకాలి నొప్పి.

ఇష్బెల్ అతన్ని దాటి వెళ్ళి శిఖరం మీది రాళ్ళ కుప్ప పక్కన నిలబడింది. “నేను దిగను. ఇక నీ ఇష్టం.”

“పైకొస్తే అయిపోతుంది, ఇష్బెల్.”

“ఏది?”

“మన శనివారాలు.” లేసు వదిలేశాడు. “నాకు కొండ అక్కర్లేదు. నువ్వు కావాలి.”

“అక్కణ్నుంచి అరిస్తే గొర్రెలకి వినబడుతుంది. దగ్గరికొచ్చి చెప్పు.”

లేసు కట్టుకోకుండానే నడిచాడు. రాళ్ళ కుప్ప మీద చెయ్యి వేసి, ఈసారి మెల్లగా, మళ్ళీ చెప్పాడు.

ఆమె సంచి అడుగు నుంచి విస్కీ సీసా, రెండు రేకు గ్లాసులు తీసింది. అక్కడి ఆనవాయితీ అది, ఆఖరి కొండ ఎక్కినవాడి చేత శిఖరం మీద ఒక గుక్క తాగించందే ఎవరూ కిందికి దింపరు.

“ఇవాళ ఎక్కుతానని నీకెలా తెలుసు?”

“తెలీదు. ఈ కొండకి వచ్చినప్పుడల్లా మోస్తూనే ఉన్నా.”

“మరి ఇన్నిసార్లు వెనక్కి తిరిగితే గట్టిగా ఒక్క మాటా అనలేదేం?”

“అనుంటే ఎక్కేసేవాడివి.” గ్లాసు అతని చేతికిచ్చింది. “సీసా మోసీ మోసీ ఇవాళ వీపు ఒప్పుకోలేదు. సరేగానీ, మూడువేల అడుగుల లోపు కొండలెన్నున్నాయి?”

“చాలా.”

“బురద?”

“ఇంతకంటే ఎక్కువ.”

“అయితే శనివారం కారు నేను తెస్తా. ముందు ఆ లేసు కట్టుకో. బూటు ఊబిలో పోతే నేను వెతకను.”